తీగకు తోడు తీగ

తెలుగులో తీగ అనే మాట మూడు అర్థాలను మోస్తున్నది. పందిరిమీద పాకేది తీగే. వీణమీద మ్రోగేది తీగే. స్తంభంనుండి స్తంభానికి విద్యుత్తును కొనిపోయేదీ తీగే. వీటిలో రెండవదానికీ మూడవదానికీ చుట్టరికం కలిసి ఇంకా నూరేళ్ళు నిండలేదు. ఆ చుట్టరికానికి పుట్టిన బిడ్డయే విద్యుత్ గిటారు.

ఈ వాద్యాన్ని దుకాణంలో కొనుక్కోవడం ఒక మార్గం. ఇంటి వసారాలో కొయ్య చెక్కి, తీగలు బిగించి, లోపలి విద్యుత్ సరంజామాను చేతులారా అమర్చుకోవడం మరొక మార్గం. రెండవ మార్గంలో శ్రమ ఎక్కువ. ఖర్చు తప్పకుండా తగ్గుతుందని చెప్పడానికీ వీలులేదు. అయినా కొన్నవానికి ఎన్నడూ ఎదురుపడని ప్రశ్న ఒకటి చేసుకొన్నవానికి ఎదురుపడుతుంది: ఈ వాద్యానికి ఎటువంటి గొంతు ఉండాలి? తెలుగువాని చేతిలో ఈ ప్రశ్న మరింత చిక్కనవుతుంది. పాశ్చాత్య సంగీతాన్ని దృష్టిలో ఉంచుకొని కూర్చిన లెక్కలు, గమకం పలుకవలసిన తీగకు యథాతథంగా సరిపోతాయా అన్నది విచారించదగిన విషయం.

మర్రుల బాటమీద

హైదరాబాదునుండి పడమరగా బీజాపూరు వైపు సాగే రహదారిమీద మొదట మొయినాబాదు, తరువాత చేవెళ్ళ వస్తాయి. 1908 నాటి మూసీ వరదల దరిమిలా నిర్మించిన జంట జలాశయాలు, 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగరు, 1927లో పూర్తయిన హిమాయత్ సాగరు, ఈ ప్రాంతానికి సమీపంలోనే ఉన్నాయి. దారి పొడవునా వందలాది మర్రిచెట్లు ఊడలు దించి నిలిచినవి. కూరగాయలకూ పూలకూ పేరుపడిన నేల ఇది.

వాద్యాల తయారీకి ప్రసిద్ధి కెక్కిన ఊళ్ళు కావివి. పనసకొయ్యతో వీణ తొలిచే విద్యకు ఎక్కడో ఉత్తరాంధ్రలోని బొబ్బిలిని తలచుకోవాలి. కాని తెలంగాణలో వాద్యాన్ని తానే చేసుకొని తానే వాయించే సంప్రదాయం లేకపోలేదు. ఆనపబుర్రలు, వెదురు, లోహపు తీగలతో రూపొందే పన్నెండు మెట్ల కిన్నెరను వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించిన సంగతి పాఠకులకు తెలిసినదే. గిటారును ఇంట చేసుకోదలచిన ఔత్సాహికుడు ఆ సంప్రదాయానికి దూరపు బంధువే.

మరొక సదుపాయం కూడా ఉన్నది. బోరుబావుల సేద్యం సాగే చోట మోటారు వైండింగు దుకాణం తప్పదు. కాలిపోయిన మోటారును విప్పి, వార్నిషు పూసిన రాగితీగను లెక్కతప్పకుండా మళ్ళీ చుట్టే పనివానికి గిటారు లోపలి రహస్యం సగం తెలిసినట్లే. మోటారులో విద్యుత్తు చలనంగా మారుతుంది. గిటారు పికప్‌లో చలనం విద్యుత్తుగా మారుతుంది. సూత్రం ఒకటే, దిశ మాత్రం తారుమారు. అయితే మోటారు తీగ నూలుపోగంత లావయితే, పికప్‌కు చుట్టే తీగ తలవెంట్రుక వలె సన్నం. దాని మందం మిల్లీమీటరులో సుమారు పదహారవ వంతు మాత్రమే. అయిదువేల నుండి ఎనిమిదివేల చుట్లు చుట్టవలసి ఉంటుంది. చేయి ఒక్కసారి తొణికితే తెగిపోతుంది.

అయస్కాంతం చెవి

1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ధర్మంపై ఈ వాద్యం ఆధారపడి ఉన్నది. అయస్కాంతం చుట్టూ రాగితీగ చుట్టి, దానిపై ఇనుము కలిసిన తీగను కంపింపజేస్తే అయస్కాంత క్షేత్రం చలిస్తుంది. ఆ చలనానికి అనుగుణంగా చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. ఉక్కుతీగ పలుకు ఈ చెవికి వినిపిస్తుంది. ఇత్తడితీగ పలుకు వినిపించదు. అమెరికాలో జార్జి బోషాం, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనే ఇరువురు 1931–32లో ఈ పద్ధతిపై గిటారును తయారుచేసి అమ్మకానికి పెట్టారు. అది గుండ్రంగా, పొడవాటి కాడతో ఉన్నందున జనం దానిని పెనమని పిలిచారు. 1950లో లియో ఫెండర్ సంస్థ, 1952లో గిబ్సన్ సంస్థ గట్టికొయ్య గిటార్లను విపణికి తెచ్చాయి.

వీణకు కుండ, తంబురకు బుర్ర, మామూలు గిటారుకు బోలుపెట్టె ఉండటం అలంకారం కొరకు కాదు. తీగ ఒంటరిగా కదల్చగలిగే గాలి అత్యల్పం. బోలుకొయ్య ఆ కదలికను పంచుకొని పెద్దది చేస్తుంది. కాని పంచుకొన్న శక్తి తీగనుండి తరిగినదే కదా! అందువల్ల బిగ్గరగా పలికే బోలువాద్యంలో నాదం త్వరగా చల్లారుతుంది. గట్టికొయ్య వాద్యం దీనికి విపర్యయం. అది దాదాపు గుసగుసగా పలుకుతుంది; పలికిన నాదాన్ని మాత్రం చాలసేపు నిలుపుకొంటుంది. ఆ గుసగుసను పికప్ విని, ఆంప్లిఫయరుకు అందజేస్తుంది. విద్యుత్తు ఈ వాద్యానికి బిగ్గరతనం ఇచ్చిందని లోకులు అంటారు. నిజానికి దాని పెద్ద కానుక నాదపు నిడివి. ఈ సంగతిని మన సంగీతానికి అన్వయించి చూపినవాడు ఒక తెలుగు బాలుడు.

పాలకొల్లు పాఠం

1969 ఫిబ్రవరి 28న పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, తండ్రి సత్యనారాయణ వాయించే మాండొలిన్‌ను బాల్యంలోనే చేతబట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాదనం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగలపై వెదకి పట్టుకొనేవాడు. వాద్యపు అలవాట్లు కాక గాత్రపు వంపులే ఆ బాలునికి గురుత్వం వహించాయి. 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొమ్మిదేళ్ళ వయసున ఆయన తొలి కచేరీ జరిగింది.

మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలుగా ఉంటాయి. జంటతీగలను ఒక్క తీరున లాగి గమకం పలికించడం కష్టం. పైగా దాని నాదం చిటుక్కున ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్యులు మీటును గడగడలాడించి స్వరాన్ని నిలబెడతారు. కర్ణాటక సంగీతానికి ఇది చాలదు. ఒక్క మీటుపై రెండు మూడు స్వరాల ఊగిసలాట సాగాలంటే, వ్రేలు తీగను లాగుతున్నంతసేపూ నాదం బ్రతికి ఉండాలి. శ్రీనివాస్ గట్టికొయ్య విద్యుత్ మాండొలిన్‌ను ఎన్నుకొని, జంటతీగలను విడిచి, ఒంటితీగలను అయిదింటిని అమర్చుకొన్నాడు. అయిదవ తీగతో మంద్రస్థాయి కూడా సమకూరింది. 1998లో పద్మశ్రీ పొంది, 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూసేనాటికి, పరాయి వాద్యమన్న మాటను ఆయన మరపింపజేశాడు.

కాకినాడలో పుట్టిన వైణికుడు చిట్టిబాబు (1936–1996) వీణకు పికప్ అమర్చి వాయించినప్పుడు కూడా ఇదే చర్చ లేచింది. వీణ నాదం కృత్రిమమవుతున్నదని కొందరు, మెలకువలు వెనుక వరుసకూ వినిపిస్తున్నాయని కొందరు వాదించారు. ఉభయుల మాటలోనూ సత్యమున్నది. పికప్ వినిపించే నాదం, కుండ వినిపించే నాదం ఒకటి కావు. ఈ కొత్త నాదానికి మెరుగు పెట్టడమో, చెరుపు చేయడమో లోపలి తీగల అమరికపై చాలవరకు ఆధారపడుతుంది.

మీట వెనుక మర్మం

గిటారు ముఖంమీద కనిపించే గుండ్రని మీటలలో ఒకటి ధ్వని ప్రమాణానికి, మరొకటి నాదగుణానికి. రెండవదానిని టోన్ అంటారు. అది తియ్యదనం కలుపుతుందని చాలమంది భ్రమ. బ్యాటరీ లేని మామూలు గిటారులో టోన్ మీట దేనినీ కలపలేదు. ఉన్నదానినుండి కొంత తీసివేయగలదు, అంతే.

దాని నిర్మాణం అతి సరళం. ఒక మార్పు నిరోధకం, ఒక కెపాసిటర్. ఈ రెండవదానినే పాతకాలపు రేడియో మెకానిక్కులు కండెన్సరు అనేవారు. కెపాసిటర్‌కు ఒక స్వభావమున్నది: వేగంగా కంపించే విద్యుత్తును సులువుగా దాటనిస్తుంది, నెమ్మదిగా కంపించేదానిని అడ్డగిస్తుంది. పికప్‌నుండి వచ్చే తీగకూ భూమి తీగకూ నడుమ దీనిని కలిపితే, నాదంలోని చురుకైన పై ధ్వనులు ఆంప్లిఫయరు చేరకముందే పక్కదారి పడతాయి. ఆ పక్కదారికి ఎంత తలుపు తెరవాలో మీట నిర్ణయిస్తుంది. ఒంటిచుట్ట పికప్‌లకు 250 కిలో ఓముల మీట, జంటచుట్ట పికప్‌లకు 500 కిలో ఓముల మీట వాడుక. కెపాసిటర్ విలువ సాధారణంగా 0.022 లేక 0.047 మైక్రోఫారడ్‌లు. హైదరాబాదు కోఠీలోని ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో ఇవి కొద్ది రూపాయలకే దొరుకుతాయి.

పుస్తకాల్లో ఉన్న ఈ అంకెలను అలాగే పాటించి ఊరకుండవచ్చు. కాని కొంచెం లెక్క వేస్తే చిత్రమైన సంగతి బయటపడుతుంది. పికప్ చుట్టకు ఇండక్టెన్సు అనే గుణమున్నది. అది 3 హెన్రీలనుకొందాం. అయిదు మీటర్ల తంత్రిలో సుమారు 500 పికోఫారడ్‌ల కెపాసిటెన్సు దానంతటదే ఉంటుంది. ఈ రెండూ కలిసి 4,100 హెర్ట్జ్ దగ్గర నాదానికి ఒక ఉబ్బు కల్పిస్తాయి. గిటారుకు సహజమైన మెరుపు ఇదే. టోన్ మీటను పూర్తిగా దించి 0.022 కెపాసిటర్‌ను చుట్టకు జతచేస్తే ఆ ఉబ్బు అణగిపోక, 620 హెర్ట్జ్ దగ్గరకు దిగివస్తుంది. 0.047 అయితే 420కి దిగుతుంది. 0.0047 వంటి చిన్నది వేస్తే 1,340 దగ్గర నిలిచి, కాస్త ముక్కుతో పలికినట్లుండే స్పష్టమైన గొంతు వస్తుంది. గిటారు ఆరు తీగలను వట్టిగా మీటినప్పటి మూలధ్వనులు 82 నుండి 330 హెర్ట్జ్ వరకు ఉంటాయని గుర్తుంచుకొంటే, కెపాసిటర్ శ్రుతిని మార్చదనీ, శ్రుతిమీద కప్పుకొన్న అనుధ్వనుల వస్త్రాన్ని మారుస్తుందనీ అర్థమవుతుంది.

గమకం విషయంలో ఈ వస్త్రం కీలకం. మీటిన తీగలో పై ధ్వనులు ముందుగా ఆరిపోతాయి. మూలధ్వని తరువాత ఆరుతుంది. వ్రేలు తీగను లాగుతూ ఒక స్వరంనుండి మరొక స్వరానికి పోయే వేళకు నాదం అప్పటికే సగం మసకబారి ఉంటుంది. అప్పుడు పెద్ద కెపాసిటర్ మిగిలిన వెలుగును కూడా హరిస్తే, స్వరపు వంపు చెవికి అస్పష్టమవుతుంది. ఏమీ తీయకుండా వదిలితే మీటు టిక్కుమనే చప్పుడు, లోహంపై వ్రేలి రాపిడి స్వరాన్ని మించిపోతాయి. ఈ రెంటి నడుమ ఎక్కడో వాద్యకారునికి కావలసిన చోటున్నది. అది అందరికీ ఒకటి కాదు. కాబట్టే ప్రయోగం అవసరమవుతున్నది.

ప్రయోగానికి తీరు

గిటారు కొయ్యలో తొలిచిన గుంట మూసివేయకముందే ఈ పని చేసుకోవాలి. టోన్ మీటనుండి రెండు పొడుగాటి తీగలు బయటికి తీసి, చివరలకు మొసలినోటి క్లిప్పులు తగిలిస్తే, ప్రతిసారి టంకం కరిగించకుండానే కెపాసిటర్లు మార్చి వినవచ్చు. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. ఆంప్లిఫయరు మీటలను కదపరాదు. ప్రతి మార్పుకూ ఒకే సంగతిని, ఒకే బలంతో వాయించాలి. ఏది తగిలించారో వాయించేవానికి తెలియకుండా మరొకరు మార్చితే మరీ మంచిది. కన్ను చూసిన ధరను చెవి వింటుందన్నది ఈ రంగంలో అనుభవసిద్ధం. నూనెకాగితపు పాతకాలపు కెపాసిటర్లను వేలరూపాయలకు కొని మాధుర్యం పెరిగిందని మురిసేవారున్నారు. కెపాసిటర్లపై ముద్రించిన విలువకు, అసలు విలువకు వందకు పది ఇరవై వంతుల తేడా ఉండటం సాధారణం. విన్న భేదం తరచు ఆ తేడాదే. మీటరుతో కొలిచి సమానమైనవి ఎన్నుకొంటే, పేరును బట్టి వచ్చే భేదం చాలవరకు మాయమవుతుంది.

కెపాసిటర్‌ను ధ్వని మీటకు ముందు కలపాలా, వెనుక కలపాలా అన్నది మరొక పరీక్ష. 1950ల నాటి గిబ్సన్ గిటార్లలో వెనుక కలిపేవారు. ఆ అమరికలో ధ్వని తగ్గించినా మెరుపు అంతగా తగ్గదు. తరువాతి అమరికలో ధ్వని తగ్గితే మెరుపు కూడా తగ్గుతుంది. కచేరీలో గాత్రానికో వయొలిన్‌కో తగ్గి వాయించవలసిన వాద్యానికి మొదటిది అనుకూలం.

తండ్రీ కొడుకుల గిటారు

ఇంట చేసిన గిటార్లలో జగత్ప్రసిద్ధమైనది ఇంగ్లండులో పుట్టింది. తరువాత క్వీన్ బృందంలో వాద్యకారుడై, 2007లో ఖగోళభౌతికశాస్త్రంలో డాక్టరేటు కూడా పొందిన బ్రయాన్ మే, పదహారేళ్ళ వయసున 1963లో తండ్రి హారొల్డ్‌తో కలిసి దానిని మొదలుపెట్టాడు. కొనే స్తోమత లేకపోవడమే కారణం. మెడకు పాత పొయ్యిగూటి చట్రపు కొయ్య, స్ప్రింగులకు పాత మోటారుసైకిలు భాగాలు, మెట్ల గుర్తులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు వినియోగపడ్డాయి. చేవెళ్ళలో పాత తలుపు రెక్కనో, విరిగిన మంచపు టేకు పట్టెనో ఎదుట పెట్టుకొని ఆలోచించేవానికి ఈ కథ ధైర్యం కలిగిస్తుంది.

మన దృష్టికి ముఖ్యమైనది ఆ కథలోని ఒక వైఫల్యం. మే మొదట పికప్‌లను కూడా స్వయంగా చుట్టుకొన్నాడు. తీగను వట్టిగా మీటితే అవి చక్కగా పలికాయి. తీగను ప్రక్కకు లాగినప్పుడు మాత్రం వింత చప్పుడు చేశాయి. అయస్కాంతాల ధ్రువాల అమరికవల్ల, తీగ ఒక అయస్కాంతంనుండి మరొకదానివైపు జరిగినప్పుడు నాదం చెదిరేది. చివరకు ఆయన బర్న్స్ సంస్థ పికప్‌లను కొనవలసి వచ్చింది. తీగ లాగడమే ప్రాణమైన సంగీతానికి వాద్యం చేసేవాడు ఈ పాఠాన్ని మరువరాదు. పికప్‌ను వట్టిమీటుతో పరీక్షిస్తే చాలదు. తీగను లాగగలిగినంత దూరం లాగి, ఆ దారి పొడవునా వినాలి.

ఆ గిటారులో మూడు పికప్‌లు ఒకదాని వెనుక ఒకటిగా, అంటే వరుసలో, కలిసినవి. ప్రతిదానికీ రెండు స్విచ్చులు: ఒకటి తెరవడానికి, ఒకటి దిశను తారుమారు చేయడానికి. వరుసలో కలిపితే నాదం దట్టంగా, బలంగా వస్తుంది. పక్కపక్కన కలిపితే పలుచగా, తేటగా వస్తుంది. ఒకదాని దిశ మార్చితే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న బరువైన ధ్వనులు పరస్పరం రద్దయి, సన్నని, నాసికాధ్వని వంటి గొంతు మిగులుతుంది. పాతిక రూపాయల స్విచ్చు ఒకే కొయ్యకు రెండు స్వభావాలను ప్రసాదిస్తున్నదన్నమాట.

పిలువని శ్రుతి

ఒంటిచుట్ట పికప్‌కు ఒక దురభ్యాసమున్నది. తీగనే కాక చుట్టుపక్కల ఉన్న మోటార్లను, ట్రాన్స్‌ఫార్మర్లను, ట్యూబులైట్లను కూడా అది వింటుంది. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది గనుక, ఎవరూ పిలువని తంబుర ఒకటి ఎడతెగకుండా వెనుక నిలుస్తుంది. అది కచేరీ శ్రుతికి కలవదు కూడా. పంపుసెట్లు నడిచే వేళ ఈ బాధ హెచ్చు. గిబ్సన్ సంస్థలో సేథ్ లవర్ దీనికి విరుగుడు కనిపెట్టి 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసి 1959లో పొందాడు. రెండు చుట్టలను ఎదురుబొదురు దిశల్లో చుట్టి, అయస్కాంతాలను కూడా తారుమారు చేస్తే, తీగ పలుకు రెట్టింపవుతుంది, బయటి రొద రద్దవుతుంది. అంత ఖర్చు వద్దనుకొనేవారు గుంట లోపల రాగిరేకు అంటించి, దానిని భూమి తీగకు కలిపినా కొంత రొద తగ్గుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గిటారు లోపలి విద్యుత్తు చీమ కుట్టినంత కూడా చేయదు. ప్రమాదమంతా ఆంప్లిఫయరు వైపున ఉన్నది. రొద తగ్గడానికై గిటారు తీగలన్నిటినీ భూమి తీగకు కలుపుతారు. అనగా వాయించేవాని వ్రేళ్ళు నిరంతరం ఆంప్లిఫయరు పెట్టెతో సంబంధంలో ఉంటాయి. ఇంటి గోడలో మూడవ రంధ్రానికి నిజమైన ఎర్తు లేకపోయినా, ఆంప్లిఫయరులో లోపమున్నా, ఆ పరిచయం ప్రాణాంతకం కావచ్చు. రెండుకాళ్ళ ప్లగ్గులు, అతుకుల తీగలు చెలామణి అయ్యే ఇళ్ళలో కెపాసిటర్ ఎంపికకంటే ముందు చేయవలసినది ఎర్తు పరీక్ష. లీకేజీని పసిగట్టి విద్యుత్తును ఆపివేసే స్విచ్చును అమర్చుకోవడం కూడా వివేకం.

ఎవరి గొంతు?

అంగడిలో దొరికే గిటారు లోపలి విలువలను ఎవరో, ఎక్కడో, మరేదో సంగీతాన్ని మనసులో ఉంచుకొని నిర్ణయించారు. ఆ నిర్ణయాలు చెడ్డవి కావు. అవి వారి చెవికి సరిపడినవి. శ్రీనివాస్ మాండొలిన్‌ను త్రోసిపుచ్చలేదు, యథాతథంగా నెత్తిన పెట్టుకోనూ లేదు. తన గురువు గొంతులో విన్నది పలికేవరకు దాని తీగల లెక్కను మార్చాడు. ఇంట గిటారు చేసుకొనేవానికి మెట్ల మీది తీగలతోపాటు మూత లోపలి తీగలు కూడా చేతిలో ఉన్నాయి. కొద్ది రూపాయల కెపాసిటర్లు నాలుగు, చిన్న టంకపు కడ్డీ, పరుల పొగడ్తకు లొంగని చెవి ఉంటే చాలు. చేవెళ్ళ వసారాలోనైనా మొయినాబాదు మేడగదిలోనైనా ఆ నిర్ణయాలను తిరిగి చేసుకోవచ్చు. అనుకొన్న గొంతు మొదటి ప్రయత్నంలో రాకపోవచ్చు. టంకం కరిగించి విప్పి, మళ్ళీ అతికించడానికి వీలున్నంతకాలం ఈ పనిలో చివరి మాటంటూ ఉండదు.